మాస్కో తొమ్మిదిన్నరకి, లండన్ పదకొండున్నరకి, న్యూయార్క్ తెల్లవారుజామున

2020 మార్చి 27 రాత్రి మాస్కోలోని బల్షోయ్ థియేటర్ తన ‘స్వాన్ లేక్’ బ్యాలే రికార్డింగ్‌ని యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టింది. ఇరవై నాలుగు గంటలు ఉంచి తీసేస్తామన్నారు. అక్కడ సాయంత్రం ఏడంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. దేశంలో లాక్‌డౌన్ మొదలై అది మూడో రోజు. నేను కాకినాడలో బ్యాంకులో పనిచేస్తాను, మాకు సెలవు లేదు. పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద స్కూటీ వేసుకుని వెళ్లడం, సాయంత్రం వచ్చి బట్టలు సర్ఫ్ నీళ్లలో నానబెట్టి, తలస్నానం చేశాకే లోపలికి అడుగుపెట్టడం. అమ్మకి డెబ్బై దాటాయి, షుగర్ కూడా ఉంది. నా టెన్షనంతా ఆవిడ గురించే. భోజనాలయ్యాక హాల్లో చెరో మూల కూర్చుని టీవీలో యూట్యూబ్ పెట్టుకున్నాం.

బ్యాలే మా ఇంట్లో కొత్త మాట కాదు. నాన్న ‘సోవియట్ భూమి’ పత్రిక తెప్పించేవారు. ఆ నున్నటి కాగితాలు చివరికి మా నోటు పుస్తకాలకి అట్టలయ్యేవి. నా లెక్కల పుస్తకం మీద రష్యన్ బాలెరీనా మాయా ప్లిసెత్స్‌కాయా ఉండేది. తెల్ల ఈకల కిరీటం, వెనక్కి చాచిన చేతులు, పొడుగాటి మెడ. అప్పుడు కూచిపూడి నేర్చుకుంటున్నాను. మా మాస్టారు ఒకసారి ఆ అట్ట చూసి, “ఆ అమ్మాయి మెడ చూడు. నువ్వు ఎప్పుడైనా అలా నిలబెట్టావా?” అన్నారు. ఇంటర్‌లో చేరాక డాన్సు ఆగిపోయింది కానీ ఆ మాట మిగిలిపోయింది. బొమ్మలో ఆ మనిషి కదిలితే ఎలా ఉంటుందో దూరదర్శన్‌లో ఎప్పుడో రెండు మూడు నిమిషాలు చూడటమే. ఒక బ్యాలేని మొదటి నుంచి చివరిదాకా చూసింది మాత్రం ఆ మార్చి రాత్రే.

హంసల రాణి ఒదెత్‌గా స్వెత్లానా జఖరోవా, రాకుమారుడిగా డెనిస్ రోద్కిన్. అమ్మకి కథ రెండు ముక్కల్లో చెప్పాను. మంత్రగాడి శాపంతో హంసలైపోయిన అమ్మాయిలు, ప్రేమించానని ఒట్టేసి మోసపోయే రాకుమారుడు. ఇంక ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నల్ల హంస ఘట్టంలో ఒంటికాలి మీద ముప్పై రెండు చుట్లు తిరగాలని అంటే అమ్మ వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది. సగంలో లెక్క వదిలేసి చూస్తూ ఉండిపోయింది. ముగింపు మాత్రం ఆవిడకి నచ్చలేదు. మేం చూసిన యూరీ గ్రిగొరోవిచ్ కూర్పులో ఒదెత్ చనిపోతుంది, రాకుమారుడు ఒంటరిగా మిగులుతాడు. “ఇంతా చేసి వాడొక్కడే మిగిలాడా? ఇదేం కథే!” అంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారిన్‌స్కీ థియేటర్లో ఆడే కూర్పులో రాకుమారుడు మంత్రగాడి రెక్క పీకేస్తాడని, ఇద్దరూ బతుకుతారని చెప్పాను. 1950లో సెర్గేయెవ్ అలా మార్చాడు. “అయితే రేపు అది పెట్టు” అని పడుకోడానికి వెళ్లింది.

మర్నాడు బల్షోయ్ వాళ్లదే ‘స్లీపింగ్ బ్యూటీ’. ఏప్రిల్ 4న ‘మార్కో స్పాదా’, 10న ‘నట్‌క్రాకర్’. ఇంతలో మిగతా ఊళ్ల సంగతులు కూడా తెలిశాయి. లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్ వాళ్లు శుక్రవారాలు సాయంత్రం ఏడింటికి ఒక్కో రికార్డింగ్ పెట్టేవాళ్లు, మనకి రాత్రి పదకొండున్నర. న్యూయార్క్ సిటీ బ్యాలే ఏప్రిల్ 21 నుంచి మే 29 దాకా మంగళ, శుక్రవారాల్లో అక్కడ రాత్రి ఎనిమిదికి, అంటే మనకి బుధ, శనివారాల్లో తెల్లవారుజామున ఐదున్నరకి. అక్కడ ఒక్కోటి 72 గంటలు ఉండేది కాబట్టి అంత పొద్దున్నే లేవాల్సిన పని లేదు. అయినా లేచేదాన్ని. బ్యాంకులో మాస్కు వేసుకుని గ్లాసు అద్దం వెనక కూర్చునే ముందు రోజులో ఒక గంట నాది అనిపించేది. వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ మీద తిథుల పక్కన పెన్సిల్‌తో మాస్కో, లండన్, న్యూయార్క్ అని రాసుకున్నాను.

న్యూయార్క్ వాళ్లు మొదటి రోజు పెట్టిన వాటిలో బాలన్‌షీన్ 1956లో కట్టిన ‘అలెగ్రో బ్రిల్లాంటే’ ఉంది. చైకోవ్‌స్కీ పియానో సంగీతం, కథ లేదు, దేవతలు లేరు, మంత్రగాళ్లు లేరు. టైలర్ పెక్, ఆండ్రూ వియెట్ ముఖ్య జంట. బాలన్‌షీన్ పీటర్స్‌బర్గ్‌లో చదువుకుని, పారిస్ మీదుగా అమెరికా చేరి, 1934లో స్కూలు, 1948లో న్యూయార్క్ సిటీ బ్యాలే పెట్టినవాడు. క్లాసికల్ బ్యాలే గురించి తనకి తెలిసిందంతా ఆ కొద్ది నిమిషాల్లో పెట్టానని ఆయన అనేవాడట. కథ లేని డాన్సు అమ్మకి పట్టలేదు, లేచి పూలు కోసుకోడానికి వెళ్లిపోయింది. నాకు మాత్రం మన జతులు గుర్తొచ్చాయి. జతిలో కథ ఏముంటుంది? లయ ఉంటుంది, దాని మీద శరీరం ఎంత స్పష్టంగా నిలబడగలదన్నది ఉంటుంది. పెక్ సంగీతాన్ని కాస్త ఆలస్యంగా పట్టుకుని, చివరి క్షణంలో కలిసిపోతుంది. మృదంగంతో ఆడుకునే డాన్సర్లని చూసినవాళ్లకి ఆ ఆనందం ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు.

కెమెరా గురించి ఒక మాట. బల్షోయ్ రికార్డింగుల్లో కీలకమైన చోట ముఖం దగ్గరికి వెళ్లిపోతారు. వెనకాల ఇరవై నాలుగు మంది హంసలు వరసలు మారుతుంటారు, మనకి ఒక్క కన్నీటి కన్ను కనిపిస్తుంది. బ్యాలేలో కోర్ ద బ్యాలే, అంటే ఆ బృందమంతా, అలంకారం కాదు, సగం నాటకం వాళ్లే నడుపుతారు. పాదాలు కట్ చేసిన డాన్సు వీడియో నాకు కోపం తెప్పిస్తుంది. ఈ విషయంలో న్యూయార్క్ వాళ్ల పద్ధతి మేలు. దూరం నుంచి, స్టేజీ మొత్తం కనిపించేలా తీస్తారు.

మే 1న లండన్ వాళ్లు ‘ద వింటర్స్ టేల్’ చూపించారు. షేక్స్‌పియర్ నాటకం, క్రిస్టఫర్ వీల్డన్ కొరియోగ్రఫీ, 2014 నాటి రికార్డింగ్. ఎడ్వర్డ్ వాట్సన్ రాజు వేషం. నిండు గర్భిణి అయిన భార్య మీద అతనికి అనుమానం పుడుతుంది. ఆ అనుమానం ముందు అతని చేతి వేళ్లలోకి వస్తుంది, వేళ్లు సాలీడు కాళ్లలా కదులుతాయి, తర్వాత భుజం, తర్వాత వెన్నెముక. మన అభినయంలో అసూయ ముందు కంట్లో పుడుతుంది, చెయ్యి దాన్ని అనుసరిస్తుంది. ఇక్కడ చెయ్యే ముందు జబ్బుపడింది. రాణిగా లారెన్ కథ్‌బర్ట్‌సన్, ఆ రాజుని నిలదీసే పౌలీనాగా జెనైడా యనోవ్‌స్కీ. అర్ధరాత్రి దాటినా లేవలేకపోయాను. ఆ సాలీడు వేళ్ల ఘట్టాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను.

అయితే ఆ ఏడాది నాకు ఎక్కువ నేర్పింది ప్రదర్శనలు కాదు, క్లాసులు.

మార్చి మధ్యలోనే టైలర్ పెక్ కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్‌లోని అమ్మానాన్నల ఇంటికి వెళ్లిపోయి, అక్కడి నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ క్లాసులు చెప్పడం మొదలుపెట్టింది. మనకి రాత్రి పదిన్నర ప్రాంతం. న్యూయార్క్‌లో అగ్రశ్రేణి డాన్సర్, వంటగట్టు పట్టుకుని నిలబడి ప్లియే మొదలుపెడుతుంది. వెనకాల ఫ్రిజ్జు కనిపిస్తుంటుంది. అంతకుముందు ఏడాదే మెడలో డిస్కు జారి, మళ్లీ డాన్సు చెయ్యలేకపోవచ్చని డాక్టర్లు చెప్పిన మనిషి ఆవిడ. 2019 చివర్లో స్టేజీ మీదకి తిరిగి వచ్చింది, కొద్ది నెలలకే థియేటర్లు మూతపడ్డాయి. ఆ సంగతి తెలిసి చూస్తే ఆవిడ నవ్వుతూ లెక్క చెబుతుంటే నాకు గొంతు పట్టేసేది. లండన్‌లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలేకి అప్పట్లో డైరెక్టరైన తమారా రోహో కూడా అంతే, తన వంటింట్లోంచే కంపెనీ క్లాసు చెప్పింది.

ఈ క్లాసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రపంచంలో ఏ ఊళ్లో అయినా బ్యాలే డాన్సర్ రోజు ఒకేలా మొదలవుతుంది. బార్, అంటే గోడ పక్కన పట్టుకోడానికి ఉండే కర్ర, పట్టుకుని ప్లియే, అంటే పాదాలు బయటికి తిప్పి మోకాళ్లు వంచడం. తర్వాత టాండ్యూ, పాదాన్ని నేల మీద రాస్తూ ముందుకీ పక్కకీ వెనక్కీ చాపడం. ఆ తర్వాత కాలు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. బార్ వదిలి మధ్యకి వస్తారు, చివర్లో గెంతులు. పదేళ్ల పిల్లకీ, ముప్పై ఐదేళ్ల అగ్రశ్రేణి డాన్సర్‌కీ అదే వరస. సాయంత్రం ‘స్వాన్ లేక్’లో హంసల రాణి వేషం ఉన్నా పొద్దున ప్లియే తప్పదు. నేను అరమండిలో, అంటే మోకాళ్లు సగం వంచి, కూర్చుని ఒకే అడుగుని మూడు కాలాల్లో చేసి చేసి విసుగెత్తి ఏడ్చిన రోజులున్నాయి. అది చిన్నపిల్లల పాఠమని, పెద్ద డాన్సర్లు దాన్ని దాటిపోతారని అప్పుడు అనుకునేదాన్ని. ఎవరూ దాటరు. ఈ మాట నాకు వంటగట్టు పట్టుకున్న టైలర్ పెక్ దగ్గర అర్థమైంది.

ఇళ్లలో ఉన్న ఇబ్బందులు కూడా ఆ క్లాసుల్లోనే తెలిశాయి. డాన్సు హాలులో నేల కింద ఖాళీ ఉంటుంది, గెంతి దిగితే నేల కొంచెం ఇస్తుంది. ఇంట్లో టైల్సు ఇవ్వవు, మోకాళ్లు పోతాయి. పైగా మునివేళ్ల మీద నిలబడే పాయింట్ షూస్ జారతాయి. పై అంతస్తులో ఉంటే కింది ఇంటివాళ్లు ఊరుకోరు. సీలింగు తగులుతుంది కాబట్టి ఎత్తడాలు లేవు. చాలా కంపెనీలు తమ డాన్సర్ల ఇళ్లకి వినైల్ నేల ముక్కలు పంపించాయి. చిన్న గదిలో మంచం, బీరువా మధ్య ఆ ముక్క పరుచుకుని ఒక్క కాలి మీద తిరిగేవాళ్లు. గెంతులకి కావలసిన దమ్ము మాత్రం అక్కడ నిలబడదు. ఓ డాన్సర్ కెరీర్ మొత్తం పదిహేను, ఇరవై ఏళ్లు. అందులో ఒక ఏడాది పోవడమంటే ఏమిటో బ్యాంకు ఉద్యోగం చేసే నాకు ఊహకి కూడా అందదు, మాకు అరవై దాకా ఉంది.

డబ్బు సంగతి సరేసరి. యూరప్‌లో చాలా కంపెనీలకి ప్రభుత్వాలు డబ్బిస్తాయి, అమెరికాలో టికెట్లూ దాతలే ఆధారం. అమెరికన్ బ్యాలే థియేటర్ తన 80వ ఏడాదిలో మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్ సీజన్ మొత్తం రద్దు చేసుకుంది. ఆ కంపెనీ డాన్సర్ మిస్టీ కోప్‌లాండ్, మరో డాన్సర్ జోసెఫ్ ఫిలిప్స్ మే నెలలో ఒక పని చేశారు. 14 దేశాల నుంచి 32 మంది బాలెరీనాలు ఎవరింట్లో వాళ్లు ‘డైయింగ్ స్వాన్’లో తలో కొంచెం ఆడారు. సాంసాన్స్ సెల్లో సంగీతం ఆగకుండా సాగుతుంటే డాన్సర్లు మారుతుంటారు. పని లేని డాన్సర్ల కోసం ఆ వీడియోతో విరాళాలు అడిగారు. అన్నా పావ్లోవా కోసం ఫోకిన్ కట్టిన ఆ చిన్న డాన్సుని ఎవరి చేతులు ఎలా చేస్తాయో వరసగా చూస్తే, ఒకే పద్యాన్ని చాలామంది భాగవతుల నోట విన్నట్టుంది. మన దగ్గర కూడా ఆ నెలల్లో సభలు ఆగిపోయాయి, గుళ్ల ఉత్సవాలు ఆగిపోయాయి, కూచిపూడి గురువులు జూమ్‌లో పాఠాలకి మారారు. నెట్ ఆగి ఆగి వచ్చేచోట తాళం ఎలా కలుస్తుంది? ఆ కష్టం లండన్‌కీ కూచిపూడికీ ఒకటే.

ఆ ఏడాదే ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే వ్యక్తి కొడుకు కమల్ సింగ్‌కి లండన్‌లోని ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే స్కూల్లో సీటు వచ్చింది. ఫీజు కోసం చందాలు పోగుచేశారు, హృతిక్ రోషన్ కూడా ఇచ్చాడు. విమానాలే సరిగ్గా లేని రోజుల్లో ఆ అబ్బాయి లండన్ వెళ్లాడన్న వార్త చదివి అమ్మకి వినిపిస్తే, “వాళ్లమ్మ ఎంత ధైర్యం చేసిందో” అంది.

ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే వాళ్లు బుధవారాలు ఒక్కో ప్రదర్శన పెట్టేవాళ్లు. ఏప్రిల్ 22న పెట్టింది అక్రమ్ ఖాన్ ‘డస్ట్’. కథక్ నేర్చుకున్న మనిషి మొదటి ప్రపంచ యుద్ధం మీద కట్టిన డాన్సు. మగవాళ్లు యుద్ధానికి వెళ్తారు, ఆడవాళ్లు ఫ్యాక్టరీలకి. వరసగా నిలబడిన డాన్సర్ల చేతులన్నీ కలిసి ఒకే అలగా లేచి పడతాయి. పాదాలు బ్యాలేవాళ్లవి, కానీ నేలని తొక్కే బరువు మనది. తర్వాత చాలా రోజులు నాకు ఆ చేతులే కళ్లలో కదిలేవి, ఎందుకంటే బయట కూడా అప్పుడు వార్తలన్నీ లెక్కలే, ఎంతమంది, ఎక్కడ.

రాయల్ ఒపేరా హౌస్ మూతపడ్డాక మొదటిసారి జూన్ 13న లైవ్ పెట్టింది, మనకి అర్ధరాత్రి. ప్రేక్షకుల్లేని హాలు. వేన్ మెక్‌గ్రెగర్ కొత్తగా కట్టిన చిన్న డాన్సుకి ఫ్రాన్సెస్కా హేవర్డ్, సీజర్ కొరాలెస్. వాళ్లిద్దరూ నిజ జీవితంలోనూ జంట కాబట్టే ఒకర్నొకరు పట్టుకోవచ్చు, మిగతావాళ్లకి ఆ అనుమతి లేదు. రిచర్డ్ స్ట్రాస్ పాట. అన్నాళ్లూ పాత రికార్డింగులు చూసి చూసి, ఇప్పుడే ఈ నిమిషంలోనే ఇద్దరు మనుషులు ఊపిరి తీసుకుంటూ ఆడుతున్నారని తెలిసి చూడటం వేరు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, అమ్మ నిద్రలేచి వచ్చింది.

శాన్ ఫ్రాన్సిస్కో బ్యాలే సంగతి కూడా మర్చిపోలేను. 2020 మార్చి 6న వాళ్లు బాలన్‌షీన్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ మొదలుపెట్టారు. ఆ ఒక్క రాత్రే ఆట. మర్నాడు నగర పాలకులు ఆ భవనం మూయించారు. అదృష్టం కొద్దీ మొదటి రాత్రి ఆటని వీడియో తీసి ఉంచుకున్నారు, 2021 జనవరిలో ఆన్‌లైన్‌లో చూపించారు. యక్షిణులు, పిల్లలు, జంటలు, నవ్వే జనం. మర్నాటి సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదు. చూసే మనకి తెలుసు.

ఇంక ‘లా బయదేర్’ బ్యాలే. దీని గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను.

2020 శరదృతువులో పారిస్‌లో మళ్లీ థియేటర్లు మూసేశారు. డిసెంబర్ 15న తెరుస్తారని ఆశపెట్టుకున్నారు, 10న ప్రభుత్వం కుదరదంది. బాస్తీల్ ఒపేరాలో ‘లా బయదేర్’ అప్పటికి సిద్ధంగా ఉంది. సరే, ప్రేక్షకులు లేకుండానే 13వ తేదీ ఆదివారం ఆడి ఆన్‌లైన్‌లో చూపించారు. నేను ఆ తర్వాత డబ్బు కట్టి రికార్డింగ్ చూశాను. ఒక్కో అంకానికి ఒక్కో జంట. ముందు డొరొతే జిల్బేర్, జెర్మాఁ లువే. తర్వాత అమాందిన్ అల్బిసోఁ, యూగో మర్షాఁ. చివర్లో మిరియం ఉల్ద్-బ్రాహమ్, మతియాస్ ఎమాన్. ఆడే అవకాశం దొరికిన ఒక్క సాయంత్రాన్ని అంతమంది పంచుకున్నారు.

కథ మన దేశంలో జరుగుతుంది, అంటే 1877లో పీటర్స్‌బర్గ్‌లో మారియస్ పెతిపా ఊహించిన మన దేశంలో. నికియా గుడిలో నాట్యం చేసే అమ్మాయి, సోలోర్ యోధుడు, గమ్జాటి రాజుగారి కూతురు. పూలబుట్టలో పాము పెట్టి నికియాని చంపిస్తారు. మింకుస్ సంగీతంలో మన రాగం ఒక్కటీ వినిపించదు, వాల్ట్జ్‌లు వినిపిస్తాయి. గుళ్లో అగ్నిగుండం చుట్టూ ఫకీర్లు గెంతుతుంటారు. అమ్మ కాసేపు చూసి, “ఇది ఏ ఊరు గుడే? నందీ లేదు, ధ్వజస్తంభమూ లేదు” అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ కథ వెనక నిజమైన మనుషులున్నారు. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి దేవదాసీల చిన్న బృందం పారిస్ వెళ్లి ఆడింది. అందులో అమనీ అనే అమ్మాయిని చూసి కవి తెయోఫిల్ గోతియే ముగ్ధుడై రాశాడు. మూడేళ్లకి ‘జిజెల్’ బ్యాలేకి కథ రాసినవాళ్లలో ఆయనొకడు, ఆ తర్వాత శకుంతల కథని కూడా పారిస్ బ్యాలేకి రాశాడు. గుడి నాట్యగత్తె యూరప్ స్టేజీ మీదకి అలా ఎక్కింది.

మా గోదావరి జిల్లాల్లో ఆ విద్య చేతిలో ఉన్నవాళ్లు కళావంతులు. పెద్దాపురం, మురమండ లాంటి ఊళ్లలో గుడి ముందు, పెళ్లిళ్లలో కలాపాలు ఆడినవాళ్లు. సంస్కరణల పేరుతో ముందు జనం వాళ్లని దూరం పెట్టారు, 1947లో దేవదాసీ పద్ధతిని ఆపే మద్రాసు చట్టం వచ్చింది. చట్టం వెనక కారణాలు ఉన్నాయి, వాటిని కాదనను. కానీ విద్య ఉన్నవాళ్లకే స్టేజీ లేకుండా పోయింది. నాకు కూచిపూడి నేర్పిన తరానికి పాడి అభినయించే ఎన్నో పదాలు వాళ్ల దగ్గర్నుంచే వచ్చాయి. అటు పారిస్‌లో, మాస్కోలో, లండన్‌లో మాత్రం ఊహల్లో పుట్టిన నాట్యగత్తె కొన్నేళ్లకొకసారి పట్టు బట్టల్లో వచ్చి ఆడుతూనే ఉంది. అది చూస్తూ నేను ఏడ్చింది నికియా కోసం కాదు.

అయినా మూడో అంకం రాగానే నోట మాట రాలేదు. సోలోర్ నల్లమందు మత్తులో కల గంటాడు. చీకట్లో ఏటవాలు మీద తెల్లబట్టల నీడలు ఒక్కొక్కటిగా దిగుతాయి. పారిస్‌లో నురేయెవ్ కూర్పులో 32 మంది. అందరిదీ ఒకటే అడుగు. కాలు వెనక్కి ఎత్తి ముందుకి వంగడం, నిలబడి వెనక్కి వాలడం, రెండడుగులు. మొట్టమొదట దిగిన అమ్మాయి ఆ పనిని చివరి మనిషి వచ్చేదాకా ముప్పై పైచిలుకు సార్లు చేస్తుంది, కాలు ఒక్కసారి వణికినా హాలంతా చూస్తుంది. ఆ రోజు చూడటానికి హాల్లో ఎవరూ లేరు. అయినా ఒక్క కాలు వణకలేదు. ఈ 32 మందీ ఆ ఏడాది మంచం పక్కన వినైల్ ముక్క మీద టాండ్యూ చేసినవాళ్లే కదా అనుకుంటూ చూశాను. 1992 అక్టోబరులో నురేయెవ్ తీవ్రమైన అనారోగ్యంతో ఈ కూర్పు పూర్తిచేసి, మూడు నెలలకే చనిపోయాడు. ఆయన కూర్పు ఈ నీడల దగ్గరే ముగుస్తుంది.

రెండో అంకంలో ఒంటినిండా బంగారు రంగు పూసుకుని విగ్రహంలా వచ్చి గెంతే చిన్న పాత్ర ఉంది. వేళ్లు మన హంసాస్య ముద్రలా పెట్టి, మోచేతులు వంచి, గాల్లోకి లేస్తాడు. ఆ రోజు అది చేసింది పాల్ మార్క్. ఆట అయిపోయాక ఒపేరా డైరెక్టర్ అలెగ్జాండర్ నీఫ్ స్టేజీ మీదకి వచ్చి అతన్ని ఎత్వాల్‌గా ప్రకటించారు, ఆ కంపెనీలో అన్నిటికన్నా పై హోదా. మామూలుగా ఆ ప్రకటనకి హాలంతా లేచి అరుస్తుంది. ఆ వీడియో ఒపేరా వాళ్లే పెట్టారు. చప్పట్లు కొట్టింది తోటి డాన్సర్లూ, స్టేజీ పనివాళ్లే. నాకు అది తక్కువగా అనిపించలేదు. క్లాసులో రోజూ పక్కన నిలబడి అతని చెమట చూసినవాళ్ల చప్పట్లు అవి.

ఆ ఏడాది తెలుసుకున్న డాన్సర్లని నేను వదల్లేదు. ‘వింటర్స్ టేల్’లో గొర్రెల కాపరుల మధ్య ప్రేమికుడిగా ఆడిన స్టీవెన్ మెక్‌రే, 2019 అక్టోబరులో స్టేజీ మీదే మడమ వెనక టెండన్ తెగి పడిపోయినవాడు. నేను ఆ రికార్డింగ్ చూసేనాటికి అతను మళ్లీ నడక సరిచేసుకుంటున్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో బరువులు ఎత్తడం, మెల్లగా మునివేళ్ల మీద లేవడం, చిన్న గెంతు, పెద్ద గెంతు, అన్నీ చూశాను. 2021 అక్టోబరులో రోమియోగా తిరిగి వచ్చాడు. ‘మార్కో స్పాదా’లో చూసిన ఓల్గా స్మిర్నోవా 2022 మార్చిలో యుక్రెయిన్ మీద యుద్ధాన్ని వ్యతిరేకించి బల్షోయ్ వదిలి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి డచ్ నేషనల్ బ్యాలేలో చేరింది. మా హాల్లోకి మొదట బ్యాలేని తెచ్చింది బల్షోయ్ థియేటరే, ఆ వార్త చదివిన రోజు మనసు చాలా బరువెక్కింది.

ఇప్పుడు ఉచితంగా చూపించేవి తగ్గిపోయాయి. లండన్, పారిస్ వాళ్లు చందా పద్ధతి పెట్టారు. నేను కడుతున్నాను. డాన్సర్లకి జీతాలు రావాలి, వీడియో తీసేవాళ్లకి రావాలి, అందులో తప్పేమీ లేదు. కానీ పౌండ్లలో, యూరోల్లో రేటు పెట్టి ప్రపంచమంతటికీ అదే అంటే కాకినాడలో కూచిపూడి నేర్చుకునే పిల్ల కట్టలేదు. నెలకి ఒక్కటైనా, ఒక్క రోజైనా, 2020లో లాగా అందరికీ తెరిచి ఉంచాలని వాళ్లకి మెయిల్ రాశాను, ఇంకా రాస్తాను.

2020 శరదృతువులోనే పారిస్ ఒపేరాలో నల్లజాతి డాన్సర్లు ఐదుగురు తోటి ఉద్యోగులకి ఒక లేఖ రాశారు. నల్లరంగు పూసుకునే వేషాలు ఆపాలని, చర్మం రంగుకి సరిపోయే మేజోళ్లూ బూట్లూ ఇవ్వాలని అడిగారు. వాళ్లలో గియోం దియోప్ ఒకడు, అప్పటికి బృందంలో ఆడేవాడు. 2023 మార్చిలో కంపెనీ సియోల్ వెళ్లినప్పుడు దెబ్బ తగిలిన యూగో మర్షాఁ బదులు ‘జిజెల్’లో నాయకుడిగా ఆడాడు. ఆట అవగానే, మధ్యలో ఉన్న హోదా ఎక్కకుండానే నేరుగా ఎత్వాల్ చేశారు. పారిస్ ఒపేరాలో ఆ హోదాకి వచ్చిన మొదటి నల్లజాతి డాన్సర్ అతను. ఫోన్లో ఆ వీడియో అమ్మకి చూపించాను. పొడుగాటి కాళ్లు, చేతులతో ముఖం కప్పుకున్నాడు, హాలంతా లేచి నిలబడింది. “ఈ అబ్బాయి హంసల కథలో రాకుమారుడు వేసింది ఉంటే పెట్టవే” అంది అమ్మ. వెతుకుతున్నాను.